కంభము చెరువు – గజపతి పుత్రిక

శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని జయించి కళింగముపై దండెత్తెను. ఆ యుద్ధము సంధితో ముగిసెను. ప్రతాపరుద్ర గజపతి తన కుమార్తెను రాయలకిచ్చి వివాహము చేసెను. రాయలు కృష్ణకు ఉత్తరమున తాను గెలిచిన భూములను మరల గజపతికి విడిచెను. ఇరువురు రాజుల వైరము చల్లారుటకై ఆ రాజపుత్రి పుట్టినింటిని, పుట్టిన దేశమును విడిచి రావలసివచ్చెను.

ఆమెను కొందరు తుక్కాదేవి యనియు, కొందరు వరదరాజమ్మ యనియు పేర్కొందురు. భర్త యనురాగమునకు నోచుకొనక ఆమె కంభమున ఏకాంతముగా నివసించెనని జనశ్రుతి. తుమ్మెద చేరని సంపెంగను గూర్చిన సంస్కృత శ్లోకములు గల తుక్కాపంచకము ఆమె రచనయని ప్రసిద్ధి.

అయినను ఆమె దుఃఖమునే తలపోయుచు కూర్చుండలేదు. గుండ్లకమ్మ, జంపలేరుల నీరు కొండల నడిమి యిరుకున పారిపోవుచుండగా, ఆ కనుమకు అడ్డముగా కట్ట వేయించెనని పెద్దలు చెప్పుదురు. కట్ట యెత్తు 57 అడుగులు, పొడవు సుమారు 300 మీటర్లు. దాని వెనుక నీరు 7 కిలోమీటర్ల మేర నిలుచును. ఆయకట్టు పదివేల యెకరములకు పైబడినది. 2020లో ఈ చెరువునకు ప్రపంచ వారసత్వ నీటిపారుదల నిర్మాణముగా గుర్తింపు లభించినది.

మన పెద్దలు చెప్పిన సప్తసంతానములలో కృతి యొకటి, తటాక మొకటి. ఆ రెండును ఆమె పేర నిలిచినవి. చెరువు నిండిన యేట కంభము రైతులు నేటికిని ఆ పరదేశపు ఆడపడుచు కట్ట క్రిందనే నారు పోయుదురు.