స్పెరాతి: నిపుణుల కళ్లుగప్పి, సిరా దగ్గర దొరికిపోయినవాడు

1942లో ఫ్రాన్స్ నుంచి పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కు ఒక స్టాంపుల వ్యాపారి పేర వెళ్తున్న ప్యాకెట్‌ను ఫ్రెంచ్ కస్టమ్స్ అధికారులు ఆపి విప్పారు. లోపల పాతకాలపు, ఖరీదైన తపాలా బిళ్ళలు ఉన్నాయి. అసలే యుద్ధకాలం, విలువైన సొత్తును అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. పంపినవారు ఎక్స్-లె-బాఁ పట్టణంలో ఉంటున్న జాన్ డి స్పెరాతి. ఆయన ఇచ్చిన సంజాయిషీ అధికారులకు వింతగా తోచింది. అవి అసలు స్టాంపులే కావని, తానే ఇంట్లో అచ్చువేసిన నకళ్లని, అందువల్ల వాటికి ఆ విలువ వర్తించదని ఆయన వాదించారు.

ఎవరూ నమ్మలేదు. స్టాంపులను ఎడ్మండ్ లొకార్డ్ పరీక్షకు పంపారు. లొకార్డ్ అంటే సామాన్యుడు కాదు. లియాన్ నగరంలో పోలీసు ప్రయోగశాలను నెలకొల్పిన నేరపరిశోధకుడు. నేరం చేసినవాడు తాకిన చోటల్లా ఏదో ఒక ఆనవాలు మిగులుతుందన్న సూత్రం నేటికీ ఆయన పేరుమీదే చలామణిలో ఉంది. పైగా స్టాంపులంటే ఆయనకు మంచి పరిచయం. అంతటివాడు చూసి, అవి అసలువేనని తేల్చారు. దాంతో తాను స్మగ్లర్‌ని కానని చెప్పుకోవడానికి, తన నకిలీలు నకిలీలేనని నిరూపించుకోవాల్సిన స్థితి స్పెరాతికి ఏర్పడింది. ఆయన అవే స్టాంపులను మళ్లీ తయారుచేసి చూపించారు.

స్పెరాతి 1884లో ఇటలీలోని పిస్తోయాలో పుట్టారు. అప్పటి పేరు జొవాన్ని. సోదరులు స్టాంపుల వ్యాపారంలో ఉండేవారు. ఫొటోగ్రఫీ, అచ్చుపని, కాగితం మీద రసాయనాల ప్రభావం, ఈ మూడింటిలోనూ ఆయన ఆరితేరారు. తర్వాత ఫ్రాన్స్‌లో స్థిరపడి, దశాబ్దాల పాటు పెద్దగా ఎవరి కంటా పడకుండా పనిచేసుకున్నారు. నూరుకు పైగా దేశాల, 500కు పైగా రకాల స్టాంపులకు నకళ్లు చేశారు.

ఆయన పద్ధతిలోని తెలివి బొమ్మ గీయడంలో కంటే కాగితం ఎంపికలో ఎక్కువగా ఉంది. మామూలు నకిలీలు కాగితం దగ్గరే దొరికిపోతాయి. స్పెరాతి అదే కాలానికి చెందిన, కారుచౌకగా దొరికే అసలు స్టాంపును తీసుకుని, రసాయనాలతో దాని మీది బొమ్మను చెరిపేసేవారు. కాగితం అసలుది. అందులోని వాటర్‌మార్క్ అసలుది. అంచు చిల్లులు అసలువి. చాలాసార్లు పోస్టాఫీసు ముద్ర కూడా చెరగకుండా మిగిలేది. ఆ ఖాళీ కాగితంపై, ఖరీదైన స్టాంపు ఫొటో ఆధారంగా తయారుచేసిన పలకతో కొత్త బొమ్మ అచ్చువేసేవారు. నిపుణులు మొదట చూసేవన్నీ సరిగ్గానే ఉండేవి. బొమ్మ కాగితం మీదికి ఎలా ఎక్కిందన్నది ఒక్కటే తేడా.

ఆయన వాడింది ఫొటో లిథోగ్రఫీ. చదునైన ఉపరితలం నుంచి కాగితంపైకి దిగే సిరా చదునుగానే ఉంటుంది. లెటర్‌ప్రెస్‌లో అలా కాదు. ఎత్తుగా ఉన్న గీత కాగితాన్ని నొక్కుతుంది. సిరా గీత అంచులకు జరిగి, భూతద్దంలో అక్కడ ముదురుగా కనిపిస్తుంది. వెనక్కి తిప్పితే ఒత్తిడి జాడ కూడా ఒక్కోసారి తెలుస్తుంది. ఇంగ్లండ్ తొలి స్టాంపు పెన్నీ బ్లాక్ లాంటి ఎన్‌గ్రేవింగ్ స్టాంపుల్లో సిరా కాగితంపై గట్టులా నిలుస్తుంది. పక్కనుంచి వెలుతురు పడితే ఆ గట్టు కనిపిస్తుంది. ఈ రెండు పద్ధతుల్లో అచ్చు కావలసిన స్టాంపు చదునుగా ఉంటే అనుమానించాల్సిందే. స్పెరాతి స్టాంపుల్లో మరో తిరకాసు కూడా ఉంది. అసలు స్టాంపులో పోస్టు ముద్ర బొమ్మ మీద పడుతుంది, ఆయన నకలులో పాత ముద్ర మీద బొమ్మ పడింది. సిరా పొరల వరుస తలకిందులైందన్నమాట.

అయితే అసలుదే లిథోగ్రఫీ అయితే ఈ పరీక్ష పనికిరాదు. మన దేశం నుంచే ఉదాహరణ చెప్పుకోవచ్చు. 1854 నాటి తొలి అఖిల భారత స్టాంపుల్లో అర్ధణా, అణా, నాలుగణాల బిళ్ళలను కలకత్తాలోని సర్వేయర్ జనరల్ కార్యాలయంలో కెప్టెన్ థుల్లియర్ ఆధ్వర్యంలో లిథోగ్రఫీతో అచ్చువేశారు. రెండణాల బిళ్ళను మాత్రం కలకత్తా టంకశాలలో లెటర్‌ప్రెస్‌పై ముద్రించారు. కాబట్టి చదునైన రెండణాల బిళ్ళ కనిపిస్తే వెంటనే పక్కన పెట్టొచ్చు. చదునైన అర్ధణా బిళ్ళ ఏమీ రుజువు చేయదు. అప్పుడిక గీతల్లోని చిన్నచిన్న తేడాలను అసలుదానితో పక్కపక్కన పెట్టి పోల్చాల్సిందే. స్పెరాతి నకళ్లను పట్టుకోవడంలోనూ చివరికి ఈ ఓపికే అక్కరకొచ్చింది. ఆయన పలకల్లోని సూక్ష్మమైన మచ్చలు, తెగిన గీతలు ప్రతి నకలులోనూ అవే చోట కనిపిస్తాయి.

కేసు యుద్ధం ముగిశాక కూడా ఏళ్ల తరబడి సాగింది. చివరికి నకిలీల నేరం కింద ఆయనకు జైలుశిక్ష, జరిమానా పడ్డాయి. వయసు దృష్ట్యా జైలుకు వెళ్లలేదు. తాను మోసగాణ్ని కాదని, కళాకారుణ్నని ఆయన చివరిదాకా నమ్మారు. తన నకళ్ల వెనక పెన్సిల్‌తో సంతకం చేసి అమ్మారు కూడా. అయితే సంతకం లేకుండా ఎన్ని ఆల్బమ్‌లలోకి చేరాయో లెక్క కట్టడం కష్టం కనుక, కళాకారుడన్న మాటను అంత తేలిగ్గా ఒప్పుకోలేం.

స్టాంపుల లోకానికి అప్పటికి మిగిలిన దారి ఒక్కటే. 1954లో బ్రిటిష్ ఫిలాటెలిక్ అసోసియేషన్ ఆయన దగ్గరున్న నిల్వలను, పరికరాలను కొనేసింది. ఇకపై ఈ పని మానేస్తానని ఆయన ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది ఆ సంస్థ ఆయన నకళ్లన్నింటి గుర్తులను వివరిస్తూ పుస్తకం ప్రచురించింది. తన చేతికొచ్చిన నకళ్ల వెనక, అవి స్పెరాతి ప్రతిరూపాలని తెలిపే ముద్ర వేసింది. స్పెరాతి 1957లో కన్నుమూశారు. ఆ ముద్ర ఉన్న బిళ్ళలను ఇప్పుడు స్పెరాతి పేరు మీదే సేకరిస్తున్నారు. కొన్ని రకాల్లో అవి మంచి ధరే పలుకుతున్నాయి.