డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారు

ఆంధ్రులలో పుట్టి లోకమునకంతటికి ఆరోగ్యదానము చేసిన మహనీయులలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారు అగ్రగణ్యులు. వారి చరిత్రను మా విద్యార్థుల కొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథము గారు, తల్లి వెంకమ్మ గారు. బాల్యమున వారికి చదువుపై శ్రద్ధ తక్కువ. అరటిపండ్లమ్మి ధనమార్జింపవలెనని కాశికి బయలుదేరగా తల్లిగారు వెనుకకు రప్పించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ పర్యాయముననే ఉత్తీర్ణులైరి. పరీక్ష తప్పినంతనే క్రుంగిపోవు పిల్లలును, వారిని నిందించు తల్లిదండ్రులును ఈ సంగతిని మనసున నుంచుకొనవలెను.

పిమ్మట మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. ఆనాడు మన బళ్ళారి జిల్లాయు మద్రాసు రాజధానిలోనిదే. గాంధీమహాత్ముని పిలుపు విని, శస్త్రచికిత్సాశాలలో ఖద్దరు దుస్తులు ధరించుటచే ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.యస్.కు బదులు తక్కువదగు ఎల్.ఎం.యస్. పట్టమును మాత్రమే పొందిరి. స్ప్రూ అను గ్రహణివ్యాధి వారి సోదరుల నిద్దరను స్వల్పకాలములోనే బలిగొనెను. మందులేని రోగము ఇంటినెట్లు కూల్చునో వారు కన్నులార చూచిరి.

1923లో అమెరికా చేరి, రాత్రులు ఆసుపత్రిలో సేవకుడుగా పనిచేయుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించిరి. ఫిస్కు అను శాస్త్రజ్ఞునితో గూడి, ద్రవములోని భాస్వరమును రంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఊహింపక, కొలిచి తెలిసికొనుటయే వారి మార్గము. కండరములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును కనుగొనుటకు ఆ కొలతయే దారిచూపెను.

1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరి, త్వరలోనే పరిశోధనాధిపతులైరి. స్ప్రూ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లము, బోదకాలు క్రిములను చంపు హెట్రజాన్ అచ్చట వారి నాయకత్వముననే సిద్ధమైనవి. వారి ప్రోత్సాహముతో, డెబ్బదియేండ్లు దాటిన డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి బంగారువన్నె గల ఆరియోమైసిన్‌ను 1945లో కనుగొనెను. టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులలో నిదియే మొదటిది. 1948లో ఇది లోకమునకు ప్రకటింపబడెను. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావు గారు 53 ఏండ్ల వయస్సున న్యూయార్కులో పరమపదించిరి.

వారు గతించిన ఐదేండ్లకే, 1953లో, టెట్రాసైక్లిన్‌కు లొంగని రక్తవిరేచనముల క్రిమి యొకటి కనబడెను. మందు తాకిడికి బలహీనమగు క్రిములు నశింపగా, లొంగనివి మిగిలి పెరుగును. కొన్ని తమలో ప్రవేశించిన మందును వెలికి తోడివేయును. ఆ నేర్పును పొరుగు క్రిములకును అందించును. రోగులును మందులును ఒక్కచోట చేరియుండు ఆసుపత్రులలో ఇట్టివి సులభముగా వ్యాపించును.

వీనిని గుర్తించు పరీక్షకు 1966లో అమెరికాలోని సియాటిల్ నగరమున బాయరు, కర్బీ మొదలగువారు ఒక ప్రమాణమును స్థాపించిరి. రోగి చీమునుండియో మూత్రమునుండియో వేరుచేసిన క్రిములను, పోషకపదార్థము గడ్డకట్టించిన పళ్ళెముపై పలుచగా పూయుదురు. వేర్వేరు మందులు పట్టించిన చిన్న కాగితపు బిళ్ళలను దానిపై నుంచి, ఒక రాత్రి వెచ్చగా నిలువయుంతురు. మందు పనిచేసినచో బిళ్ళచుట్టును క్రిములు పెరుగక తేటయైన వలయ మేర్పడును. దాని వెడల్పును మిల్లీమీటర్లలో కొలిచి, ఆ మందునకు నిర్ణయించిన పట్టికతో పోల్చి, క్రిమి లొంగునో లొంగదో తేల్చుదురు. ఇచ్చటను ఊహకు తావులేదు, కొలతయే ప్రమాణము.

తల్లిదండ్రులారా! జలుబు చేసినంతనే అంగడికిపోయి ఇట్టి మందులు కొనకుడు. వైద్యుడు చెప్పినదానిని మీయంతట మీరు నడుమ మానకుడు. మిగిలినదానిని మరియొకరికి ఈయకుడు. బాలబాలికలారా! సుబ్బారావు గారు ఆర్జించిపెట్టిన ధనము తరుగకుండ కాచువారు ఆ గాజుపళ్ళెముల ముందు కూర్చుండి వలయములు కొలుచువారే. మన సరిహద్దు జిల్లా తెలుగు పిల్లలలో కొందరైనను ఆ పనికి పూనుకొందురని మేము ఆశించుచున్నాము.