యల్లాప్రగడవారి కొలతయు మందును

మహనీయుల చిత్రపటములకు పూలమాలలు వేయుటతో మన విధి ముగియునని మేము తలంపము. వారొసగిన సొత్తును మనమెట్లు కాపాడుకొనుచున్నామో విచారింపవలసియున్నది. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి విషయమున ఈ విచారణ మిక్కిలి యవసరము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. చెన్నపురి వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీమహాత్ముని పిలుపు నాలకించి ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్స బోధించు ఆంగ్లేయాచార్యునకు అది కంటగింపయ్యెను. తత్ఫలితముగ వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగ ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. వారందులకు క్రుంగక, కొంతకాలము చెన్నపురి ఆయుర్వేద కళాశాలయందు బోధించి, పిదప అమెరికాకేగి హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలకు గడంగిరి.

అచ్చట వారికి తొలికీర్తి తెచ్చినది మందు కాదు, కొలత. రక్తమూత్రములయందలి భాస్వరమును రంగు చిక్కదనమునుబట్టి లెక్కించు పద్ధతిని ఫిస్కు పండితునితో గూడి 1925లో ప్రకటించిరి. వైద్యశాస్త్ర విద్యార్థులు నేటికిని దానిని వారిరువురి పేరిటనే యెరుగుదురు. ఆ కొలత చూపిన త్రోవనే సాగి, కండరములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని కనుగొనిరి.

1940లో లెడర్లీ ప్రయోగశాలలందు చేరి, అచటి పరిశోధనలకు నాయకులైరి. వారి నాయకత్వమున డగ్గరు అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టియందలి సూక్ష్మజీవినుండి ఆరియోమైసినును సాధించెను. పెన్సిలినునకు లొంగని పెక్కు క్రిములను ఈ మందు అణచెను. మూత్రమార్గ వ్యాధులకు ముఖ్యకారణమగు ఈ.కోలి క్రిమియు వానిలో నొకటి. టెట్రాసైక్లిను వర్గమునకిదియే మొదటిది. 1948లో ఇది లోకమునకు వెల్లడియైన కొలదిదినములకే, ఆగష్టు మాసమున, 53 ఏండ్ల ప్రాయమున సుబ్బారావుగారు దివంగతులైరి.

పిదప క్రిములును పాఠము నేర్చినవి. టెట్రాసైక్లిను మొదలగు మందులను ధిక్కరించు శక్తిని రక్తవిరేచనముల క్రిమియు ఈ.కోలియు నొకదానికొకటి ఇచ్చిపుచ్చుకొనుచున్నవని 1959లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నేడు మూత్రవ్యాధులకు వాడు అనేకౌషధములు ఈ గతినే పట్టుచున్నవి.

దీనికి ప్రతిక్రియ ఆరంభము కొలతయే. రోగి మూత్రమునందలి క్రిమిని పెంచి, దానిచెంత పలుమందుల బిళ్లల నుంచినచో, ఏ బిళ్లచుట్టు క్రిమి పెరుగకుండునో ఆ మందు పనిచేయునని తెలియును. ఇట్టి ఫలితములను ఊరూర కూర్చిననే, వైద్యుడు మొదట నే మందు నీయవలయునో నిర్ణయింపగలుగును. భారత వైద్య పరిశోధన మండలి 2013లో ఇట్టి గణనకు పూనుకొన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దేశదేశముల లెక్కలను సేకరింప నారంభించినది. అయినను మండలి గణనలో చేరినవి ముఖ్యముగ పెద్ద ఆసుపత్రులే. చిన్న పట్టణముల ఫలితములును ఇందు చేరవలయును. మూత్రమున మంటయనగనే, పరీక్ష లేక, వైద్యుని సలహా లేక, అంగడిలో తోచిన మాత్రలు కొని మ్రింగు అలవాటును మనము మానవలయును.

సుబ్బారావుగారు మనకు కొలతను, మందును రెంటిని యిచ్చిరి. కొలతను విడిచి మందును మాత్రమే పట్టుకొన్నచో, ఆ మందును మనకు దక్కదని మా దృఢవిశ్వాసము.