బొమ్మల కథకు లొంగని పాపన్న

జనగామ: సర్వాయి పాపన్న జీవితాన్ని ఎనిమిది పుటల బొమ్మల కథగా పిల్లలకు అందించాలనుకునే చిత్రకారుడికి మొదటి గడిలోనే చిక్కు ఎదురవుతుంది. జానపద గాయకులు పాడే కథలో అతడు తాటిచెట్టు ఎక్కనని, గోల్కొండనే కొడతానని తల్లి సర్వమ్మతో తెగేసి చెప్పిన కొడుకు. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాతల్లోనో, అతడి తొలి దోపిడీకి గురైనది సొంత సోదరి. సంపన్నురాలైన ఆ వితంతువు సొమ్ముతోనే ముఠా కట్టాడంటారు. ఏ గడి గీయాలి?

కల్లుగీత కుటుంబంలో పుట్టిన పాపన్న తాటికొండ గుట్టపై స్థావరం ఏర్పరచుకొని దారిన పోయే వర్తకులను దోచాడు. ఫౌజుదార్లు తరమగా కౌలాస్ జమీందారు వెంకటరావు కొలువులో చేరాడు. అక్కడా బుద్ధి మారక చెరసాల పాలయ్యాడు. ఇంట్లో జబ్బు నయం కావాలని జమీందారు భార్య ఖైదీలందరినీ విడిపించగా బయటపడి షాపూరు చేరాడు. నేటి రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్ అదే. మొఘల్ సేనలు కూల్చిన కోటను మళ్లీ రాతితో, సున్నంతో కట్టించాడు. అతడి దండులో నానా కులాలవారూ, ముస్లింలూ ఉండేవారు.

1707లో ఔరంగజేబు మరణంతో దక్కన్‌లో ఏలుబడి సడలింది. 1708 ఏప్రిల్ తొలినాళ్లలో, మొహర్రం సందడిలో ఉన్న వరంగల్‌పై పాపన్న విరుచుకుపడ్డాడు. ధనంతోపాటు స్త్రీలను, పిల్లలను కూడా పట్టుకుపోయాడు. వీరగాథగా గీసేవారు సాధారణంగా దాటవేసే ఘట్టమిదే. దాటవేస్తే మాత్రం మిగతా కథ అర్థం కాదు. ఎందుకంటే 1709లో బహదూర్‌షా హైదరాబాదులో దర్బారు తీర్చినప్పుడు పాపన్న 14 లక్షల రూపాయల నజరానా సమర్పించి ఖిల్లత్తు పొందాడు. గీత కార్మికుడి బిడ్డ పాదుషా ఎదుట నిలిచిన ఆ బొమ్మకు ఒక పుటంతా ఇచ్చినా తక్కువే. చెరపట్టబడినవారి బంధువులూ, నగర పెద్దలూ మొరపెట్టుకోవడంతోనే పాదుషా మనసు మారింది. పాపన్నను అణచివేయాలని సుబేదారు యూసుఫ్‌ఖాన్‌కు ఆజ్ఞ అందింది.

పతనం మాత్రం ఇంటి నుంచే మొదలైంది. షాపూరు కోటలో బందీగా ఉన్న ఫౌజుదారు పాపన్న భార్యకు స్వయానా సోదరుడు. ఆమె అన్నం మాటున ఆకురాళ్లు పంపింది. బందీలు సంకెళ్లు కోసుకొని, పాపన్న లేని సమయంలో కోటను చేజిక్కించుకున్నారు. తిరిగొచ్చిన అతడిపై అతడి ఫిరంగులే పేలాయి.

తాటికొండలో నెలల తరబడి ముట్టడిని తట్టుకున్నాడు. మందుగుండు నిండుకుంది, లంచానికి ఆశపడి అనుచరులు జారుకున్నారు. మారువేషంలో తప్పించుకున్న పాపన్న ఒక ఊరి కల్లు దుకాణం వద్ద ఆగాడు. కల్లు అడిగిన తీరును బట్టి దుకాణదారు గుర్తుపట్టి పట్టించాడు. 1710లో మరణశిక్ష అమలైంది. తలను పాదుషాకు పంపి, మొండేన్ని హైదరాబాదు కోట ద్వారానికి వేలాడదీశారు.