బురదలో దొరికిన లాంజెవిన్

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో నా వాటాకి బురద వచ్చింది. మురుగునీటి శుద్ధి కేంద్రంలో అడుగున మిగిలే స్లడ్జ్. చిక్కగా కనిపిస్తుంది గానీ అందులో 97 శాతం దాకా నీళ్ళే. అవి పిండకపోతే లారీల్లో మనం మోసేది నీళ్ళనే. అల్ట్రాసౌండ్ పెడితే నీళ్ళు తేలిగ్గా వదులుతాయని చదివాను. కాస్త పెడితే అంత పనిచేస్తే ఎక్కువ పెడితే ఇంకెంత అనుకుని చాలాసేపు వదిలేశాను. తర్వాత ఫిల్టర్ పేపర్ మీద పోస్తే చుక్క దిగలేదు!

ఆ ప్రోబ్‌ని కదిలించే భాగాన్ని లాంజెవిన్ ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. ఎవడీ లాంజెవిన్ అని కోపంగానే వెతికాను.

పాల్ లాంజెవిన్ 1872లో పారిస్‌లో పుట్టాడు. పియర్ క్యూరీ ఆయన గురువు. తర్వాత కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ దగ్గర కొన్నాళ్ళు పనిచేశాడు. 1911లో ఆయన పేరూ మేరీ క్యూరీ పేరూ కలిపి పత్రికలు చేసిన రచ్చ నెట్ నిండా ఉంది, దాన్ని వదిలేస్తున్నా.

మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్లు ఓడల్ని ముంచేస్తున్నాయి. చెవికి అందని శబ్దాన్ని నీళ్ళలోకి పంపి, ప్రతిధ్వనితో వాటి జాడ పట్టొచ్చన్నది చిలోవ్‌స్కీ అనే రష్యన్ ఇంజనీరు ఆలోచన. 1915లో ఇద్దరూ పని మొదలుపెట్టారు. అంత బలమైన శబ్దం పుట్టేదెలా? నొక్కితే విద్యుత్తు పుట్టించే, విద్యుత్తు ఇస్తే వణికే క్వార్ట్జ్ ఉంది కదా. ఆ గుణాన్ని పట్టుకుంది సాక్షాత్తూ గురువుగారూ, ఆయన అన్న జాక్. లాంజెవిన్ ఆ క్వార్ట్జ్‌ని రెండు ఉక్కు పలకల మధ్య శాండ్‌విచ్‌లా పెట్టాడు. 1918 నాటికి సబ్‌మెరైన్ ప్రతిధ్వని వినిపించింది. ఈలోగా యుద్ధం అయిపోయింది. ఇప్పటి ప్రోబుల్లో క్వార్ట్జ్ బదులు సిరామిక్ ఉంటుంది, అమరిక మాత్రం అదే.

ఆ ప్రయోగాల్లోనే, శబ్దానికి అడ్డొచ్చిన చేపలు చచ్చిపోయాయట. నీళ్ళలో చెయ్యి పెడితే నొప్పి పుట్టేదట. ఇది చదివాకే నా తప్పు తెలిసింది. శబ్దం నీళ్ళలో సన్నని బుడగలు పుట్టించి పగలగొడుతుంది. కొద్దిసేపైతే బురద ఉండలు సడలి, లోపల చిక్కుకున్న నీళ్ళు బయటికొస్తాయి. ఎక్కువైతే బాక్టీరియా కణాలే పగిలి, లోపలి జిగురంతా కారి, పొడిపొడైన రేణువులు ఫిల్టర్ రంధ్రాల్ని మూసేస్తాయి. మర్నాడు ఒక్క నిమిషమే పెట్టా. నీళ్ళు దిగాయి.

వెతుకులాట అక్కడితో ఆపాల్సింది, ఆపలేకపోయా. ఫాసిజాన్ని బాహాటంగా వ్యతిరేకించినందుకు 1940 అక్టోబరులో జర్మన్లు ఆయన్ని అరెస్టు చేశారు. అప్పుడు ఆయనకు 68 ఏళ్ళు. నవంబరు 8న పారిస్‌లో విద్యార్థులు వీధిలోకొచ్చి నిరసన తెలిపారు, అదీ ఆక్రమణ సైన్యం కళ్ళెదుట. మన వయసువాళ్ళే. జైలు తర్వాత ట్రాయ్ ఊళ్ళో నిర్బంధం. అల్లుడు జాక్ సోలమన్, ఆయనా ఫిజిసిస్టే, 1942లో కాల్చి చంపబడ్డాడు. కూతురు ఎలెన్‌ని ఆష్విట్జ్‌కి పంపారు, ఆమె ప్రాణాలతో తిరిగొచ్చింది. 1944లో లాంజెవిన్ స్విట్జర్లాండ్‌కి తప్పించుకున్నాడు. 1946 డిసెంబరులో పారిస్‌లో పోయాడు. రెండేళ్ళకు అస్థికల్ని పాంథియాన్‌కి చేర్చారు.

మా ప్రోబ్ మీద కంపెనీ పేరొక్కటే ఉంది. రిపోర్టులో పరికరాల పేజీలో నేను ఆయన పేరు పూర్తిగా రాశాను.