ధీరోదాత్తుడు సతీష్ ధవన్

సతీష్ ధవన్ 1920లో శ్రీనగర్‌లో జన్మించారు. 1951లో అమెరికాలో డాక్టరేట్ పొంది, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరి, అతివేగ వాయుప్రవాహాలపై పరిశోధనలు సాగించారు.

1972లో ఇస్రో అధ్యక్షులయ్యారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి లేచిన ఎస్.ఎల్.వి.-3 సముద్రంలో కూలింది. ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాంపై నింద పడనీయక, విలేఖరుల ముందు ఆ వైఫల్య భారాన్ని ధవన్ తామే వహించారు. 1980 జూలై 18న ప్రయోగం ఫలించినప్పుడు మాత్రం కలాంనే ముందుకు పంపారు.

ధవన్ 2002లో పరమపదించారు. ఆయన పేరు దాల్చిన శ్రీహరికోట కేంద్రం నుండి 2007 జనవరి 10న వెళ్ళిన వ్యోమగుళిక పన్నెండు దినాలకు తిరిగివచ్చింది. అతివేగంతో దిగే గుళిక ముందు గాలి అణగి, నిప్పువలె కాగుతుంది. సిలికా పలకలు, తాను కాలుతూ వేడిని హరించే ముక్కుభాగపు కవచం లోపలి పరికరాలను కాపాడాయి. గుళిక బాపట్ల తీరాన్ని తాకే బంగాళాఖాతంలోనే క్షేమంగా దిగింది. తాపాన్ని తాను భరించి లోపలివారిని కాచే ఆ కవచమే ధవన్ నాయకత్వానికి తగిన ఉపమానం.