బెర్నార్డ్ కూర్త్వా

బెర్నార్డ్ కూర్త్వా (1777 - సెప్టెంబర్ 27, 1838) ఫ్రాన్సు దేశానికి చెందిన రసాయన శాస్త్రవేత్త. అయోడిన్ మూలకాన్ని 1811లో కనుగొన్నది ఇతడే.

తొలి జీవితం

కూర్త్వా డిజోన్ నగరంలో జన్మించాడు. తండ్రి సురేకారం తయారు చేసేవాడు. కూర్త్వా ఔషధ తయారీలో శిక్షణ పొంది, పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఫూర్‌క్రువా వద్ద రసాయన శాస్త్రం అభ్యసించాడు. కొంతకాలం సైనిక ఆసుపత్రులలో పనిచేసి, తరువాత సురేకారం వ్యాపారం చేపట్టాడు.

అయోడిన్ ఆవిష్కరణ

నెపోలియన్ యుద్ధాల కాలంలో తుపాకి మందు తయారీకి సురేకారం విరివిగా అవసరమయ్యేది. దాని తయారీకి కావలసిన క్షారాలను కూర్త్వా సముద్రపు నాచు బూడిద నుండి తీసేవాడు. ఆ బూడిద ద్రావణం రాగి పాత్రలను తినివేయడం అతడు గమనించాడు. 1811లో మిగులు ద్రావణానికి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఎక్కువగా కలిపినపుడు ఊదా రంగు ఆవిరి వెలువడి, చల్లని తలాలపై నల్లని మెరిసే స్ఫటికాలుగా పేరుకుంది. ఈ పదార్థం హైడ్రోజన్, ఫాస్ఫరస్‌లతో కలుస్తుందనీ, ఎర్రగా కాలే వేడిలో కూడా విడిపోదనీ, అమ్మోనియాతో పేలుడు పదార్థాన్ని ఇస్తుందనీ అతడు గుర్తించాడు.

పరిశోధన కొనసాగించడానికి ధనం లేక, నమూనాలను మిత్రులైన క్లెమాన్, డెజోర్మ్‌లకు ఇచ్చాడు. వారు 1813 నవంబర్ 29న ఈ ఆవిష్కరణను ప్రకటించారు. ఇది కొత్త మూలకమని గే-లుసాక్, హంఫ్రీ డేవీ వేర్వేరుగా నిర్ధారించారు. వీరిద్దరి మధ్య ప్రాథమ్యంపై వివాదం ఏర్పడినా, మొదట కనుగొన్నవాడు కూర్త్వాయేనని ఇద్దరూ అంగీకరించారు. ఊదా రంగును తెలిపే గ్రీకు పదం నుండి దీనికి పేరు వచ్చింది.

అయోడిన్ ధర్మాలు

అయోడిన్ పరమాణు సంఖ్య 53. ఇది హాలోజన్ల కుటుంబానికి చెందినది. 113.7 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, 184.3 డిగ్రీల వద్ద మరుగుతుంది. అయితే కరగక ముందే, కొద్దిపాటి వేడికే ఆవిరి వెలువరిస్తుంది. కూర్త్వా చూసినది ఈ ఆవిరినే. పిండి పదార్థంతో ముదురు నీలి రంగునిస్తుంది.

చివరి రోజులు

యుద్ధాలు ముగిశాక భారతదేశం నుండి చౌకగా సురేకారం దిగుమతి కావడంతో కూర్త్వా వ్యాపారం దెబ్బతిన్నది. 1820లో జెనీవా వైద్యుడు క్వాండే గలగండం వ్యాధికి అయోడిన్ వాడిన తరువాత దీనికి గిరాకీ ఏర్పడింది. కూర్త్వా కూడా అయోడిన్ తయారీ మొదలుపెట్టాడు గాని లాభపడలేదు. 1831లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ 6,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. ఏడేళ్ళ తరువాత అతడు పారిస్‌లో పేదరికంలో మరణించాడు.